అలసట ఎక్కడ పుడుతుంది? బ్రెండా బిగ్లాండ్-రిచీ అన్వేషణ

1952లో లండన్‌లోని రాయల్ సొసైటీలో ఒక చిత్రమైన ప్రదర్శన జరిగింది. రెండు సైకిళ్లను వెనుక భాగాలు ఒకదానికొకటి ఎదురుగా ఉండేలా బిగించి, రెండింటినీ ఒకే గొలుసుతో కలిపారు. ఒకదాని మీద ఒక యువకుడు, రెండోదాని మీద ఒక యువతి కూర్చున్నారు. అతను పెడళ్లను మామూలుగా ముందుకు తొక్కుతాడు. గొలుసు ఒకటే కాబట్టి ఆమె పెడళ్లు వెనక్కి తిరుగుతాయి. అలా మీదికి వస్తున్న పెడళ్లను కాళ్లతో అదిమిపట్టి నిలువరించడమే ఆమె పని. గొలుసులోని బిగువు ఇద్దరికీ ఒక్కటే, తిరిగే వేగమూ ఒక్కటే. అయినా కాసేపటికి డస్సిపోయింది యువకుడే. ఆమె పెద్దగా కష్టపడకుండానే అతన్ని అలసటతో ఓడించింది.

ఈ ప్రదర్శనకు ఆధారమైన పరిశోధన అదే ఏడాది ‘జర్నల్ ఆఫ్ ఫిజియాలజీ’లో అచ్చయింది. దాన్ని రాసింది ముగ్గురు: అబట్, బిగ్లాండ్, రిచీ. వీరిలో బిగ్లాండ్ అంటే యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో అప్పుడప్పుడే పరిశోధనలో నిలదొక్కుకుంటున్న బ్రెండా బిగ్లాండ్. రిచీ అంటే అంతకు ముందు ఏడాదే ఆమెను పెళ్లాడిన మర్డాక్ రిచీ. నాడుల మీద పరిశోధనతో తర్వాతి కాలంలో ఆయనకూ మంచి పేరు వచ్చింది. సైకిళ్ల మీద కూర్చున్నవారు పీల్చుకునే ఆక్సిజన్‌ను ఈ ముగ్గురూ కొలిచారు. నెమ్మదిగా తొక్కినప్పుడు, నిలువరించే మనిషి కంటే తొక్కే మనిషికి దాదాపు రెండున్నర రెట్లు ఎక్కువ ఆక్సిజన్ కావలసి వచ్చింది. వేగం పెంచేకొద్దీ ఆ తేడా పెరుగుతూ పోయి ఐదు రెట్లు దాటింది.

ఇందులోని మర్మం బావి దగ్గర నీళ్లు తోడిన ప్రతివారికీ చేతులకు తెలిసిందే. నిండు బిందెను పైకి లాగేటప్పుడు చేతి కండరాలు కుంచించుకుంటూ బలం చూపుతాయి. అదే బిందెను చేంతాడు పట్టి మెల్లగా లోపలికి దించాల్సి వస్తే, అవే కండరాలు సాగుతూ బలం చూపుతాయి. బరువు అదే, తాడు అదే, చేతులు అవే. కానీ దించేటప్పుడు ఊపిరి ఎగపోయదు. భౌతికశాస్త్రం దీన్ని రుణాత్మక పని అంటుంది. కండరం లోపల మయోసిన్ అనే మాంసకృత్తు తలలు పక్కనున్న సన్నని పోగులను పట్టుకొని లాగుతుంటాయి. లాగిన ప్రతిసారీ పట్టు వదిలి మళ్లీ పట్టుకోవడానికి వాటికి కొంత ఇంధనం ఖర్చవుతుంది. బయటి బరువు కండరాన్ని సాగదీస్తున్నప్పుడు ఆ పట్టులు చాలావరకు బలవంతంగా ఊడివస్తాయి. ఊడదీసే పని బరువే చేసిపెడుతుంది కాబట్టి ఇంధనం ఆదా అవుతుంది. ఆ బలవంతపు ఊడిపోత వల్లే కండరపు పోగులకు చిన్న చిన్న గాయాలూ అవుతాయి. అలిపిరి మెట్లు ఎక్కేటప్పుడు ఆయాసపడినవారికి, దిగేటప్పుడు హాయిగా అనిపించినా మర్నాడూ ఆ మర్నాడూ తొడలు పట్టేయడానికి కారణం ఇదే.

సైకిళ్ల ప్రయోగం నుంచి బిగ్లాండ్ పట్టుకున్నది ఒక పెద్ద ప్రశ్నను. ఒకే బలం చూపడానికి శరీరం ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ ఖర్చు పెడుతోందంటే, ఆ లెక్క ఎక్కడ తేలుతోంది? కండరంలోనా, దానికి ఆజ్ఞలు పంపే నాడులలోనా? అక్కడినుంచి దాదాపు నాలుగు దశాబ్దాల పాటు ఆమె పరిశోధన ఈ చుట్టుపక్కలే తిరిగింది. మధ్యలో సుదీర్ఘమైన విరామం వచ్చినా ప్రశ్న మారలేదు. వ్యాయామ శాస్త్ర చరిత్రలో ఇంత పట్టుదలగా ఒకే దారిలో నడిచినవారు తక్కువ.

1954లో ఆమె ఓలాఫ్ లిపోల్డ్‌తో కలిసి మనుషుల పిక్క కండరాల మీద ఎలక్ట్రోడ్లు అమర్చి, బలం చూపుతున్నప్పుడు చర్మం పైకి అందే విద్యుత్ సంకేతాన్ని కొలిచారు. ఈఎంజీ అని నేడు ఆసుపత్రుల్లో అందరూ పిలిచే పరీక్షకు మూలం ఇలాంటి కొలతలే. వేగం మారకుండా చూస్తే బలం పెరిగేకొద్దీ ఆ సంకేతం కూడా నేరుగా పెరుగుతుందని వారు చూపించారు. అంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. అదే బలానికి, కండరం కుంచించుకుంటున్నప్పటి కంటే సాగుతున్నప్పుడు సంకేతం బాగా తక్కువగా ఉంది. అంటే సాగుతున్నప్పుడు అంతే బలం చూపడానికి తక్కువ కండరపు పోగులు పనిలోకి దిగితే చాలు. సైకిలు మీద యువతి అలసిపోకపోవడానికి ఒక కారణం అక్కడే దొరికింది.

అదే 1954లో లండన్‌లోనే మరో ప్రయోగం అచ్చయింది. అది ఆ తర్వాతి పాతికేళ్ల పాటు ఈ రంగాన్ని ఏలింది. ప్యాట్రిక్ మెర్టన్ అనే శాస్త్రవేత్త బొటనవేలిని అరచేతి వైపు లాగే చిన్న కండరాన్ని ఎంచుకున్నారు. దానికి ఆజ్ఞలు తెచ్చే నాడి మణికట్టు దగ్గర చర్మానికి దగ్గరగా వెళుతుంది కాబట్టి అక్కడ చిన్న విద్యుత్ తాకిడి ఇవ్వడం తేలిక. బొటనవేలిని శాయశక్తులా నొక్కుతున్న సమయంలో ఆయన ఆ తాకిడి ఇచ్చారు. కండరంలో ఇంకా పనిలోకి దిగని పోగులు ఏవైనా మిగిలి ఉంటే, తాకిడికి అవి ఉలిక్కిపడి బలం ఒక్కసారిగా కొంచెం పెరగాలి. పెరగలేదు. మనసుతో పిలవగలిగిన బలమంతా అప్పటికే బయటికి వచ్చేసిందన్నమాట. బలం తగ్గిపోయాక తాకిడి ఇచ్చినా పోయిన బలం తిరిగి రాలేదు. చేతికి పట్టీ కట్టి రక్తప్రసరణ ఆపితే, ఎంతసేపు విశ్రాంతి ఇచ్చినా కండరం కోలుకోలేదు. పట్టీ వదిలాకే కోలుకుంది. అందుకే మెర్టన్ తేల్చిచెప్పారు: అలసట కండరంలోనే ఉంది, తలలో కాదు.

ఈ తీర్పు అంతకు ముందున్న ఆలోచనకు అడ్డంగా వచ్చింది. ఇటలీలోని ట్యూరిన్‌లో ఆంజెలో మోసో అనే శాస్త్రవేత్త 19వ శతాబ్దం చివర్లో ఎర్గోగ్రాఫ్ అనే పరికరం తయారుచేశారు. చేతిని కదలకుండా బిగించి, మధ్యవేలితో ఒక బరువును పదే పదే పైకి లాగుతుంటే, ఒక్కో లాగుడు ఎంత ఎత్తుకు వచ్చిందో తిరుగుతున్న కాగితం మీద గీతలుగా పడేది. మొదట ఎత్తుగా ఉన్న గీతలు క్రమంగా కుదించుకుపోయి చివరికి నేలకు అంటుకునేవి. తన తోటి అధ్యాపకుడు ఒకరు విద్యార్థులకు మౌఖిక పరీక్షలు పెట్టివచ్చిన రోజున ఆ గీతలు మామూలు కంటే త్వరగా కుదించుకుపోవడం మోసో గమనించారు. వేలు పని చేయకపోయినా, తల పని చేస్తే వేలు అలసిపోయింది. 1891లో ప్రచురించిన అలసట గ్రంథంలో ఆయన ఈ సంగతి చెప్పారు. మెర్టన్ ప్రయోగం తర్వాత చాలామంది మోసోను పక్కన పెట్టేశారు. ఇద్దరివీ నిజమైన కొలతలే అయినప్పుడు ఒకరిని పూర్తిగా కొట్టిపారేయడం సరికాదన్న సంగతి తెలియడానికి చాలాకాలం పట్టింది.

ఈ తగవులో చేయి పెట్టడానికి అందరికంటే తగిన స్థితిలో ఉన్న వ్యక్తి సరిగ్గా అప్పుడే రంగం నుంచి తప్పుకున్నారు. 1956లో మర్డాక్ రిచీకి న్యూయార్క్‌లో ఉద్యోగం వచ్చింది. కుటుంబం అట్లాంటిక్ దాటింది. 1968లో ఆయన యేల్ విశ్వవిద్యాలయానికి మారారు. ఒక కొడుకు, ఒక కూతురు. కండరాల మీద బిగ్లాండ్-రిచీ పేరుతో చెప్పుకోదగ్గ పరిశోధన 1954 తర్వాత మళ్లీ కనిపించేది 1974లోనే. ఇరవై ఏళ్లు. ప్రయోగశాలల్లో వాడే పరికరాలు మారిపోయాయి, పద్ధతులు మారిపోయాయి, తోటివారు ఆచార్యులై శిష్యులను తయారుచేశారు. ఇంత విరామం తర్వాత విజ్ఞాన రంగంలోకి తిరిగి రావడం ఏ దేశంలోనైనా, ఏ కాలంలోనైనా కష్టం. అందులోనూ ఆమె తిరిగి మొదలుపెట్టింది పెద్ద పరిశోధన కేంద్రంలో కాదు, ప్రధానంగా పాఠాలు చెప్పే చిన్న కాలేజీ నుంచి. ఆ తర్వాత కనెటికట్ రాష్ట్రంలోని క్విన్నిపియాక్ కాలేజీ, న్యూ హేవెన్‌లోని జాన్ బి. పియర్స్ ఫౌండేషన్ ప్రయోగశాల ఆమె పనికి కేంద్రాలయ్యాయి. జోసెఫ్ వుడ్స్ అనే సహచరుడు చివరివరకూ తోడున్నారు.

తిరిగి వచ్చాక ఆమె మొదట చేసిన పని, యౌవనంలో వదిలేసిన లెక్కను పూర్తి చేయడం. 1976లో ఆమె, వుడ్స్ కలిసి సైకిలు ప్రయోగాన్ని మళ్లీ చేశారు. ఈసారి ఆక్సిజన్‌తో పాటు కండరాల విద్యుత్ సంకేతాన్నీ కొలిచారు. తొక్కడానికి కావలసిన ఆక్సిజన్ నిలువరించడానికి కావలసిన దానికి సుమారు ఆరు రెట్లు. విద్యుత్ సంకేతంలో తేడా మాత్రం సుమారు రెండు రెట్లే. పనిలోకి దిగిన పోగుల సంఖ్య సగానికి తగ్గడం ఒక కారణమైతే, దిగిన ఒక్కో పోగు తినే ఇంధనం మూడో వంతుకు తగ్గడం రెండో కారణం అని దీనితో విడదీసి చెప్పగలిగారు. 1952లో ఒకే ముడిగా కనిపించిన దాన్ని 1976లో రెండు పోగులుగా విప్పారు. తన పాత ప్రయోగానికి తానే ఇరవై నాలుగేళ్ల తర్వాత జవాబు రాసుకునే అవకాశం శాస్త్రవేత్తలకు అరుదుగా దక్కుతుంది.

తర్వాత అసలు తగవు. 1978లో ఆమె లండన్‌కు చెందిన రిచర్డ్ ఎడ్వర్డ్స్, డేవిడ్ జోన్స్ తదితరులతో కలిసి తొడ ముందరి కండరాన్ని పరీక్షించారు. కుర్చీలో కూర్చున్న మనిషి కాలిని చాచే ప్రయత్నంలో ఒక నిమిషం పాటు పూర్తి బలంతో నెట్టాలి. మధ్యమధ్య విద్యుత్ ప్రేరణతో కండరం అసలు సామర్థ్యం ఎంతో విడిగా కొలుస్తారు. కొందరిలో రెండూ సమానంగా పడిపోయాయి. మెర్టన్ చెప్పినట్టే. మరికొందరిలో మాత్రం కండరం ఇవ్వగలిగిన దానికంటే మనసు పిలిచిన బలం తక్కువగా ఉంది. పోయిన బలంలో 30 శాతం దాకా ఆ లోటు వల్లే. ఒక్కసారి గట్టిగా ప్రయత్నించమని హెచ్చరిస్తే ఆ లోటు కాసేపు పూడేది కూడా. అంటే మెర్టన్ తప్పు కాదు, మోసో కూడా తప్పు కాదు. బొటనవేలి కండరంలో కనిపించింది తొడలో కనిపించకపోవచ్చు. బాగా అలవాటు పడ్డ మనిషిలో కనిపించనిది అలవాటు లేని మనిషిలో బయటపడవచ్చు.

ఇక్కడే ఆమె మరొక మేలు చేశారు, పెద్దగా ఎవరూ చెప్పుకోని మేలు. తెలుగులో అలసటకు ఎన్ని మాటలో: నీరసం, ఆయాసం, బడలిక, సత్తువ లేకపోవడం, కాళ్లు పీకడం, ఒళ్లు హూనం కావడం. వాడేవాడికి ప్రతిదానికీ ఒక తేడా తెలుసు. ఆంగ్లంలో శాస్త్రవేత్తలు వాడిన మాట ఒక్కటే కావడంతో, ఒకరు పని మానేయడాన్ని అలసట అంటే, మరొకరు బలం తగ్గడాన్ని, ఇంకొకరు కష్టంగా అనిపించడాన్ని అలసట అనేవారు. 1984లో బిగ్లాండ్-రిచీ, వుడ్స్ రాసిన సమీక్షలో నిర్వచనాన్ని గట్టిగా ఒక చోట నిలబెట్టారు. కండరం చూపగల గరిష్ఠ బలం తగ్గడమే అలసట. చేస్తున్న పని ఇంకా సాగుతున్నా సరే. ఈ లెక్కన పదికిలోల సంచి మోస్తూ నడిచే మనిషి, సంచి కింద పెట్టాల్సి వచ్చే క్షణానికి చాలా ముందే అలసిపోవడం మొదలుపెట్టాడు. సంచి ఇంకా చేతిలోనే ఉంది, కానీ చేతిలో మిగిలి ఉన్న నిల్వ నిమిషనిమిషానికీ తగ్గుతోంది. అలసట ఒక ముగింపు కాదు, మొదటి అడుగుతోనే మొదలయ్యే ప్రవాహం అన్న ఈ చూపు పరిశోధనను చాలా సులభం చేసింది. ఎప్పుడు ఆగిపోయాడన్నది కాదు, ఎంత తగ్గిందన్నది కొలిస్తే చాలు.

ఆమె పనిలో అత్యంత విలువైన భాగం నాడి ఎంత వేగంగా ఆజ్ఞలు పంపుతుందన్న దాని మీద జరిగింది. వెన్నుపాములో ఉండే ఒక్కో చాలక నాడీకణం కండరంలోని కొన్ని పోగులకు యజమాని. అది ఒక్కో ప్రచోదనం, అంటే చిన్న విద్యుత్ సంకేతం, పంపినప్పుడల్లా దాని కిందనున్న పోగులన్నీ ఒక్కసారి ఉలిక్కిపడతాయి. ప్రచోదనాలు వెంటవెంటనే వస్తే ఆ ఉలికిపాట్లు ఒకదానిలో ఒకటి కలిసిపోయి నిలకడైన లాగుడు అవుతుంది. ఎంత వేగంగా పంపితే అంత బలం, ఒక హద్దు వరకు. అలసటలో బలం తగ్గుతోంది కదా, అప్పుడు నాడులు ఏం చేస్తాయి? తగ్గుతున్న బలాన్ని నిలబెట్టడానికి మరింత వేగంగా కొడతాయని ఎవరైనా అనుకుంటారు.

1979లో ఆమె, జోన్స్, వుడ్స్ కలిసి బొటనవేలి కండరాన్ని బయటినుంచి విద్యుత్‌తో నడిపించి చూశారు. సెకనుకు 80 సార్లు ఆగకుండా ప్రేరేపిస్తే బలం దబ్బున పడిపోయింది. కారణం, అంత వేగంలో కండరపు పొర తట్టుకోలేక ప్రచోదనాలు మధ్యలోనే ఆగిపోవడం. పొర బయట పొటాషియం పేరుకుపోవడం ఇందుకు దోహదం చేస్తుంది. అలా కాకుండా వేగాన్ని మొదట ఎక్కువగా ఉంచి క్రమంగా తగ్గిస్తూ పోతే, బలం మనిషి స్వయంగా నొక్కినప్పటి మాదిరిగానే నెమ్మదిగా తగ్గింది. మెర్టన్, డేవిడ్ మార్స్‌డెన్ తదితరులు ఇలాంటి సంగతినే కనిపెట్టి, దానికి ‘కండర వివేకం’ అని పేరు పెట్టారు. నాడులు తమంత తాముగా వేగం తగ్గించుకుంటూ కండరాన్ని కాపాడుతున్నాయన్నది ఆ పేరు వెనక ఉన్న ఊహ.

ఊహ బాగుంది. కానీ శాయశక్తులా నొక్కుతున్న మనిషి చేతిలో నాడులు నిజంగా వేగం తగ్గిస్తున్నాయా? చర్మం మీది ఎలక్ట్రోడ్లకు వేలాది పోగుల సంకేతాలు కలగాపులగంగా అందుతాయి. అందులో ఒక్కదాన్ని విడదీయడం సంతలో ఒక గొంతును వినడం లాంటిది. 1983లో బిగ్లాండ్-రిచీ బృందం వెంట్రుకంత సన్నని టంగ్‌స్టన్ తీగలను వాడింది. మొన తప్ప మిగతా తీగంతా విద్యుత్ సోకకుండా పూత పూసి ఉంటుంది. దాన్ని కండరంలోకి దించి, మనిషి బలంగా నొక్కుతున్నంతసేపూ మెల్లమెల్లగా జరుపుతూ పోతారు. మొన ఏ పోగు పక్కకు చేరితే దాని మోత కొన్ని క్షణాలు స్పష్టంగా వినిపిస్తుంది. ఆ మోతలను వందలకొద్దీ పోగుచేసి, ఏ సెకనులో ఎంత వేగమో లెక్క వేశారు. ఒక నిమిషం పాటు పూర్తి బలంతో నొక్కితే, నాడుల సగటు వేగం సెకనుకు సుమారు 27 నుంచి సుమారు 15కు పడిపోయింది. ఎవరూ ఆజ్ఞాపించలేదు, ఆ మనిషి ప్రయత్నం ఏమీ తగ్గించుకోలేదు, అయినా వేగం దాదాపు సగమైంది.

మరి వేగం సగమైతే బలం కూడా సగానికి కూలిపోవాలి కదా? కూలిపోదు, ఎందుకంటే కండరం కూడా అదే సమయంలో నెమ్మదిస్తుంది. లాగడానికి పోగులోని చిన్న సంచుల నుంచి కాల్షియం బయటికి వస్తుంది, వదలడానికి అది తిరిగి ఆ సంచుల లోపలికి వెళ్లాలి. అలసిన కండరంలో ఈ తిరుగు ప్రయాణం మందగిస్తుంది, ఒక్కో ఉలికిపాటు ఎక్కువసేపు నిలుస్తుంది. అడుగున చిల్లి ఉన్న కుండలో నీటిమట్టం నిలబెట్టాలంటే పైనుంచి పోస్తూ ఉండాలి. చిల్లి సన్నబడితే తక్కువ పోసినా మట్టం నిలుస్తుంది. కండరం సడలే వేగం తగ్గేకొద్దీ నాడుల వేగం కూడా దానికి జతగా తగ్గుతోందని ఆమె బృందం చూపించింది.

జత కుదరడం ఒక సంగతి. ఆ జతను కుదిర్చేది ఎవరన్నది వేరే సంగతి. వెన్నుపాములోని నాడీకణానికి, దూరంగా బొటనవేలిలోనో జబ్బలోనో ఉన్న కండరం మందగించిందని ఎలా తెలుస్తుంది? దీనికోసం 1986లో ఆమె, డాసన్, యోహాన్సన్, లిపోల్డ్ చేసిన ప్రయోగం చూడటానికి అతి సామాన్యం. సామాన్యమైనది కాబట్టే అంత బలమైనది. పాల్గొన్నవారు పూర్తి బలంతో నొక్కి అలసిపోయారు. నాడుల వేగం తగ్గింది. ఆ తర్వాత మూడు నిమిషాల విశ్రాంతి ఇచ్చారు. మామూలుగా ఆ మూడు నిమిషాలలో నాడుల వేగం పూర్తిగా కోలుకుంటుంది. కానీ ఈసారి విశ్రాంతి మొత్తంలో చేతికి రక్తపోటు కొలిచే పట్టీని బిగించి రక్తం వెళ్లకుండా ఆపేశారు. మూడు నిమిషాల తర్వాత మళ్లీ నొక్కమంటే, నాడుల వేగం ఏమాత్రం కోలుకోలేదు. పట్టీ వదిలి మరో మూడు నిమిషాలు ఆగితే కోలుకుంది.

ఈ ఫలితాన్ని కాస్త నిలబడి చూడాలి. పట్టీ చేతికి కట్టారు. మెదడుకు, వెన్నుపాముకు రక్తం ఎప్పటిలాగే అందుతోంది. అలసట నాడీకణంలోనే ఉంటే అది మూడు నిమిషాలలో తేరుకుని ఉండాలి. తేరుకోలేదంటే, చేతిలో చిక్కుకుపోయిన పదార్థాలు ఏవో అక్కడి సన్నని నాడీ తంతువుల ద్వారా వెన్నుపాముకు కబురు పంపుతూనే ఉన్నాయి, ఆ కబురు విని నాడీకణం నెమ్మదిగా ఉండిపోయింది. ఇది మన ప్రమేయం లేకుండా జరిగే అసంకల్పిత ప్రతీకార చర్య అని వారు తీర్మానించారు. 1954లో మెర్టన్ వాడింది కూడా ఇలాంటి పట్టీనే. రక్తం లేకపోతే కండరం కోలుకోదని ఆయన చూశారు, అలసట కండరంలోనే ఉందన్నారు. ముప్పై రెండేళ్ల తర్వాత అదే పట్టీతో బిగ్లాండ్-రిచీ చూపించింది రక్తం లేకపోతే నాడి కూడా కోలుకోదని. కండరమా, నాడా అన్న ప్రశ్నకు అర్థమే మారిపోయింది. రెండూ ఒకదాని మాట ఒకటి వింటూ ఉన్నాయి.

ఈ జ్ఞానం ఆసుపత్రికి అవసరమైన చోట కూడా ఆమె పని చేశారు. ఊపిరి తీసుకోవడానికి ఆధారమైన విభాజక పటలం కూడా కండరమే, అది అలసిపోతే ప్రాణానికే ముప్పు. ఫ్రాన్స్వా బెల్మేర్‌తో కలిసి మెర్టన్ పద్ధతినే ఆమె దాని మీద ప్రయోగించారు. మెడ దగ్గర ఆ పటలానికి వెళ్లే నాడికి తాకిడి ఇచ్చి, భారంగా ఊపిరి పీలుస్తున్న మనిషిలో ఎంత నిల్వ మిగిలి ఉందో కొలిచారు. ఊపిరి ఇక సాగదనిపించే స్థితికి వచ్చేసరికి, పోయిన బలంలో దాదాపు సగం కండరం వల్ల కాదు, నాడీ వ్యవస్థ ఆజ్ఞలు తగ్గించడం వల్లేనని 1987లో ప్రచురించిన ఫలితాలు చెప్పాయి. బొటనవేలి కంటే ఇక్కడ మెదడు చాలా ముందుగా జాగ్రత్త పడుతున్నట్టుంది. జీవితాంతం ఆగకూడని కండరం విషయంలో ఆ జాగ్రత్త సహేతుకమే అనిపిస్తుంది.

1994లో అలసట మీద పరిశోధించేవారు ఆమె గౌరవార్థం మయామిలో సమావేశమయ్యారు. అప్పటికే ఆమె నిర్ధారణలలో కొన్నిటిని ఆమె అనుయాయులే పరీక్షకు పెట్టడం మొదలుపెట్టారు. 2003లో ఆండ్రూ ఫగల్‌వాండ్, డగ్లస్ కీన్ బొటనవేలి కండరానికి మనిషిలో సహజంగా ఉండే వేగాలతోనే ప్రేరణ ఇచ్చి చూశారు. సెకనుకు 80 కాదు, 30. దాన్ని అలాగే నిలబెట్టినప్పుడు వచ్చిన బలం, 30 నుంచి 15కు తగ్గిస్తూ పోయినప్పటి బలం కంటే ఎక్కువగానే ఉంది. అంటే నెమ్మదించడం బలాన్ని కాపాడటం లేదు, కొంత బలాన్ని వదులుకుంటోంది. ‘కండర వివేకం’ అన్న అందమైన పేరు ఆ రోజుతో చాలావరకు వాడిపోయింది. కానీ నాడులు నెమ్మదిస్తాయన్న ఆమె కొలత చెక్కుచెదరలేదు. ఎందుకు నెమ్మదిస్తాయన్న వివరణ మీదే చర్చ. సాగుదలను పసిగట్టే కండరపు కదుళ్ల నుంచి వచ్చే ప్రోత్సాహం తగ్గడం కూడా ఒక కారణం కావచ్చని మరికొందరు చూపించారు. 1996లో సైమన్ గాండేవియా బృందం ఆస్ట్రేలియాలో తల మీది నుంచి అయస్కాంతంతో మెదడును ప్రేరేపించి, పూర్తి ప్రయత్నంలో కూడా మెదడు పొర తన దగ్గరున్నదంతా ఇవ్వడం లేదని చూపించింది. మోసో గమనించినదానికి నూరేళ్ల తర్వాత ఒక గట్టి సాక్ష్యం అది.

న్యూజిలాండ్ నుంచి వచ్చి అమెరికాలో స్థిరపడిన రోజర్ ఎనోకా ఈ చిక్కులన్నిటినీ ఒక సూత్రం మీదికి తెచ్చారు: అలసటకు ఒకే కారణం లేదు, చేసే పనిని బట్టి అది మారుతుంది. 2002లో శాండ్రా హంటర్, ఎనోకా తదితరులు చేసిన ప్రయోగం దీనికి చక్కని రుజువు. మోచేయి మడిచి, గరిష్ఠ బలంలో 15 శాతం మాత్రమే వాడాలి. ఒకసారి కదలని కడ్డీని అంత బలంతో పైకి నెట్టి ఉంచాలి. మరోసారి అంతే బరువును చేతికి వేలాడదీసి, చేయి అదే కోణంలో కదలకుండా నిలపాలి. మోచేయికి రెండూ సమానమే. అయినా కడ్డీని నెట్టి ఉంచగలిగిన సమయం, బరువును నిలిపి ఉంచగలిగిన సమయానికి దాదాపు రెట్టింపు. నిలకడగా పట్టుకోవడంలో నాడులకు పడే అదనపు శ్రమే ఈ తేడాకు కారణం.

వ్యాయామం చేసేవారిలో ఇప్పటికీ లాక్టిక్ ఆమ్లం పేరు గట్టిగా వినిపిస్తుంది. మర్నాటి నొప్పులకూ దాన్నే నిందిస్తారు. శ్రమ ఆగిన గంటా గంటన్నరలో రక్తంలోని లాక్టేట్ మామూలు స్థాయికి వచ్చేస్తుంది కాబట్టి రెండోరోజు నొప్పికి అది కారణం కాలేదు. కండరం లోపలి అలసటలో ఫాస్ఫేట్ పేరుకుపోవడం, కాల్షియం విడుదల తగ్గడం అంతకంటే ముఖ్యమని గత మూడు దశాబ్దాల పరిశోధన చెబుతోంది. 1952 నాటి సైకిళ్ల పాఠం మాత్రం నేరుగా చికిత్సలోకి వచ్చింది. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారు కొద్ది ఆక్సిజన్‌తోనే కండరాలకు పెద్ద బలం అలవాటు చేయడానికి వెనక్కి తిరిగే పెడళ్లను నిలువరించే యంత్రాలను పునరావాస కేంద్రాలలో వాడుతున్నారు. ఆయాసపడే గుండెకు భారం వేయకుండా తొడలకు సత్తువ తేవడం దీనివల్ల సాధ్యమైంది.

కండరం నుంచి వెన్నుపాముకు వెళ్లే ఆ కబురును పూర్తిగా ఆపేస్తే ఏమవుతుంది? 1986లో ఎవరూ చేయలేని ఈ పరీక్షను 2009లో మార్కస్ అమన్, జెరోమ్ డెంప్సీ బృందం చేసింది. శిక్షణ పొందిన సైక్లిస్టుల నడుము దగ్గర వెన్ను లోపలికి ఫెంటనిల్ అనే మందు ఎక్కించారు. కాళ్ల కండరాల బలానికి దాని వల్ల లోటు రాదు, కానీ అక్కడినుంచి పైకి వెళ్లే సన్నని నాడుల కబుర్లు చాలావరకు ఆగిపోతాయి. ఆ స్థితిలో వారు 5 కిలోమీటర్లు తొక్కారు. మొదటి సగంలో మెదడు మామూలు కంటే ఎక్కువగా ఆజ్ఞలు పంపింది, ఆపమని చెప్పేవారు లేరు కాబట్టి. రెండో సగంలో వేగం పడిపోయింది. చివరికి పట్టిన సమయం మామూలు రోజుకంటే ఏమీ మెరుగ్గా లేదు. తొడల్లో మిగిలిన బలాన్ని కొలిస్తే అది మామూలు రోజుల్లో ఎన్నడూ చేరనంత అడుగుకు చేరింది. తొక్కడం ముగిశాక వారిలో కొందరికి సైకిలు దిగడానికి కూడా పక్కవారి చేయి కావలసి వచ్చింది.